షాట్‌గన్ ఖాళీ షెల్ ఎగరకపోతే ఏం చేయాలి? ఎజెక్టర్ తంటాలు ఒక్కొక్కటిగా

కాల్చి తుపాకీ తెరిస్తే ఒక షెల్ (తూటా పేలాక మిగిలే ఖాళీ తొడుగు) భుజం పక్కనుంచి ఎగిరిపోతుంది, రెండోది చాంబర్‌లోనే, అంటే గొట్టం వెనక భాగంలో తూటా కూర్చునే చోటే, ఉండిపోతుంది. కొందరికి రెండూ ఎగరవు. ఇంకొందరికి కాల్చని తూటా కూడా ఎగిరి నేల మీద పడుతుంది. రేంజికి (తుపాకీ సాధన చేసే చోటికి) కొత్తగా వచ్చేవాళ్లూ, తాతల నాటి డబుల్ బ్యారెల్‌ని తమ పేరు మీదికి మార్పించుకున్నవాళ్లూ పదేపదే అడిగేది ఒకటే: "ఎజెక్టర్ పోయినట్టేనా? మార్పించాలా?"

ఎజెక్టర్ అంటే కాల్చిన షెల్‌ని చాంబర్‌నుంచి బయటికి తన్నే ముక్క. చాలాసార్లు దానికి ఏమీ కాదు. చాంబర్‌లో మురికో, తూటా అడుగున ఉన్న నాసిరకం లోహమో, ఎండి జిగురైన నూనో కారణమని తేలుతుంది. అందుకే మార్పించే ఆలోచన పక్కన పెట్టి, తప్పు తూటాదా, చాంబర్‌దా, ఎజెక్టర్‌దా అన్నది ముందు తేల్చుకోండి. దీనికి ఒక సాయంత్రం ఇంట్లో, ఒక పూట రేంజిలో చాలు.

ఇక్కడ చెప్పేది మధ్యలో మడిచి తెరిచే రెండు గొట్టాల 12 బోరు తుపాకుల గురించి. గొట్టాలు పక్కపక్కన ఉన్నా, ఒకదాని మీద ఒకటి ఉన్నా పద్ధతి ఒకటే.

ముందు మీ తుపాకీకి ఎజెక్టర్ ఉందో లేదో చూసుకోండి

ఈ మాట వింతగా అనిపించవచ్చు గానీ, పొలం కాపలాకు లైసెన్సు తీసుకున్న పాత డబుల్ బ్యారెల్స్‌లో చాలావాటికి ఎజెక్టర్ ఉండదు, ఎక్స్‌ట్రాక్టర్ మాత్రమే ఉంటుంది. ఎక్స్‌ట్రాక్టర్ షెల్‌ని కొద్దిగా పైకి లేపి వదిలేస్తుంది, మిగతాది వేళ్లతో లాగాలి. అది దాని పని, లోపం కాదు. పక్కపక్క గొట్టాల తుపాకీ తెరిచి వెనకనుంచి చూడండి. షెల్ అంచు కింద ఉండే ఉక్కు ముక్క రెండు గొట్టాలకీ కలిపి ఒకటే ఉంటే ఎక్స్‌ట్రాక్టర్. నడిమికి చీలి, ఏ గొట్టానికి ఆ ముక్క విడిగా కదులుతుంటే ఎజెక్టర్.

ఎజెక్టర్ పని తీరు ఇంతవరకు తెలిస్తే సరిపోతుంది: ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్, అంటే తూటాని పేల్చే సూదిని కొట్టే సుత్తి, పడుతుంది. ఏ వైపు హ్యామర్ పడిందో ఆ వైపు ఎజెక్టర్‌కే స్ప్రింగు విడుదలవుతుంది. కాల్చని వైపు ఎజెక్టర్ తూటాని లేపి ఊరుకోవాలి. ట్రాప్ ఆటలో గాల్లోకి విసిరే మట్టి పక్షి మొదటి గుండుకే పగిలితే రెండో గొట్టంలో నిండు తూటా మిగిలే ఉంటుంది కదా, అందుకే ఈ ఏర్పాటు.

చట్టం గురించి ఒక్క మాట

మన దేశంలో తుపాకీ మరమ్మతు చేయడానికి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద విడిగా లైసెన్సు ఉండాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు మీ దగ్గర ఉన్నంత మాత్రాన మరమ్మతు చేసే అనుమతి వచ్చినట్టు కాదు. శుభ్రం చేయడం, నూనె వేయడం, పరీక్షించి చూసుకోవడం యజమాని పనులు. స్ప్రింగు మార్చడం, ఎజెక్టర్ అరగదీయడం, కొత్త ముక్క అమర్చడం లైసెన్సున్న గన్‌స్మిత్ పనులు. కింద చెప్పే దశలన్నీ మొదటి కోవలోవే.

కావలసినవి

- కార్ట్రిడ్జ్ పరిమాణంలో ఉండే డమ్మీలు, అంటే స్నాప్ క్యాప్‌లు, రెండు
- మీ తుపాకీలోనే కాల్చిన ఖాళీ షెల్స్ కొన్ని, ఏది ఏ గొట్టంలోదో పెన్నుతో గుర్తు పెట్టినవి
- క్లీనింగ్ రాడ్, 12 బోరు కంచు బ్రష్, విడిగా చాంబర్ బ్రష్
- బోర్ సాల్వెంట్ (గొట్టంలో మురికి కరిగించే ద్రవం), పల్చటి గన్ ఆయిల్ (దొరక్కపోతే కుట్టుమిషను నూనె)
- పాత టూత్‌బ్రష్, వెదురు పుల్లలు, పాత నూలు గుడ్డ
- టార్చి, చిన్న అయస్కాంతం, కళ్లద్దాలు

చాంబర్ బ్రష్ విడిగా ఎందుకని అడగకండి, అది లేకపోతే మిగతా శ్రమంతా వృథా. 12 బోరు గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. చాంబర్ 20 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. గొట్టానికి సరిపోయే బ్రష్ చాంబర్ గోడల్ని గట్టిగా తాకకుండానే వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి శ్రద్ధగా తుపాకీ తుడిచేవాళ్ల చాంబర్లో కూడా ప్లాస్టిక్ పేరుకుపోవడానికి కారణం ఇదే. చాంబర్ బ్రష్ దొరక్కపోతే 10 బోరు బ్రష్ కొనండి, చక్కగా పనికొస్తుంది.

దశలవారీగా

1. తుపాకీ ఖాళీ చేయండి. తెరిచి రెండు చాంబర్లూ కంటితో చూడండి, వేలు పెట్టి తడిమి చూడండి. నిండు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేయండి. ఇంట్లో చేసే పరీక్షలన్నీ స్నాప్ క్యాప్‌లతోనే. నిండు తూటాతో ఎజెక్టర్ పరీక్ష ఇంట్లో ఎప్పుడూ చేయకూడదు.

2. మొరాయించిన షెల్‌ని చదవండి. అది చెప్పినంత ఇంకేదీ చెప్పదు. టార్చి వెలుతురులో దాని లోహపు అంచు చుట్టూ చూడండి. ఒకచోట వంగిపోయి, లేదా మెరిసే గాటు పడి ఉంటే ఎజెక్టర్ బలంగానే తోసింది, షెల్ కదల్లేదు, చివరికి ఎజెక్టర్ అంచు దాటి జారిపోయింది. అనుమానం చాంబర్ మీద, తూటా మీద పెట్టండి. అంచు మీద గీత కూడా లేకపోతే ఎజెక్టర్ తొయ్యనే లేదు. అనుమానం స్ప్రింగు మీద, జిగురైన నూనె మీద పెట్టండి.

3. అయస్కాంతం తగిలించండి. పసుపు పచ్చగా మెరిసేదంతా ఇత్తడి కాదు. చవకరకం తూటాల్లో చాలావాటికి అడుగున ఉండేది ఇత్తడి పూత పూసిన ఉక్కు. కాల్చినప్పుడు ఏ లోహమైనా వ్యాకోచించి చాంబర్ గోడకు ఆనుకుంటుంది. ఇత్తడి వెంటనే కాస్త వెనక్కి ముడుచుకుంటుంది, ఉక్కు అంతగా ముడుచుకోదు. అయస్కాంతం అంటుకుందంటే ఆ తూటా చెడ్డదని కాదు, మీ చాంబర్‌లో ఏమాత్రం గరుకున్నా ఇరుక్కునే గుణం దానికి ఎక్కువ అని.

4. తూటా పొడవు, చాంబర్ పొడవు సరిచూడండి. చాలా తుపాకుల్లో గొట్టం కింది వైపున చాంబర్ పొడవు చెక్కి ఉంటుంది: 65, 70 లేదా 76 మిల్లీమీటర్లు. డబ్బా మీద రాసే పొడవు కాల్చాక మూతి విచ్చుకున్న షెల్‌ది. అందువల్ల 70 తూటా 65 చాంబర్‌లో సులువుగా దూరిపోతుంది, మూసుకుంటుంది, ఏ అనుమానమూ రాదు. కాల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది, షెల్ బిగుసుకుంటుంది. పాత ఇంగ్లీషు తుపాకుల్లో 65 చాంబర్లు మామూలు. మీది అలాంటిదైతే, 70 తూటాలు వాడుతుంటే, ఇక్కడితో ఆపేయండి. ఇది ఎజెక్టర్ సమస్య కాదు, ప్రాణాపాయం.

5. చాంబర్ కడగండి. గొట్టాల్ని విడదీసి, చాంబర్ బ్రష్‌ని సాల్వెంట్‌లో ముంచి ఒక్కో చాంబర్‌లో తిప్పుతూ ముందుకీ వెనక్కీ ఆడించండి. పది నిమిషాలు నానబెట్టి మళ్లీ రుద్దండి. గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. గోడ అద్దంలా ఉండాలి. చాంబర్ ముగిసి గొట్టం మొదలయ్యే చోట నల్లటి వలయం కనిపిస్తే అది కరిగి అంటిన ప్లాస్టిక్కు, పొగమసి. పోయేదాకా రుద్దండి. చివర్లో పొడిగుడ్డతో చాంబర్‌ని పూర్తిగా ఆరబెట్టండి. నూనె తడి ఉన్న చాంబర్‌లో కాలిస్తే షెల్ గోడని పట్టుకోలేక వెనక్కి ఎక్కువ బలంతో తంతుంది.

ఎంత రుద్దినా గోడ మీద చిన్న చిన్న గుంతలు కనిపిస్తుంటే అవి తుప్పు తిన్న మచ్చలు. ఉబ్బిన షెల్ ఆ గుంతల్లోకి దిగి పట్టేసుకుంటుంది. ఇసుక కాగితం ముట్టుకోకండి. గన్‌స్మిత్‌కి చూపించండి.

6. వేలి పరీక్ష చేయండి. కడిగిన చాంబర్‌లోకి, అదే గొట్టంలో కాల్చిన షెల్‌ని వేళ్లతో నెట్టి, వేళ్లతోనే లాగండి. కొంచెం బిగుతు ఉండొచ్చు, కానీ రావాలి. గోళ్లు విరిగేంత బలం కావాలంటే లోపం ఇంకా చాంబర్‌లోనో తూటాలోనో ఉంది. హాయిగా జారి వస్తూ కూడా కాల్చినప్పుడు ఎగరకపోతే, ఇప్పుడు ఎజెక్టర్‌ని అనుమానించవచ్చు.

7. ఎజెక్టర్ సందులు శుభ్రం చేయండి. ఎజెక్టర్‌ని వేలితో బయటికి లాగినంత దూరం లాగి, దాని కాడ జారే గాడిలో టూత్‌బ్రష్‌తో, వెదురు పుల్లతో మురికి తీయండి. కాలని మందు పలుకులు ఎజెక్టర్ అంచు వెనక చేరితే అది పూర్తిగా లోపలికి కూర్చోదు. తుపాకీ మూయడం బిగుతుగా అనిపించడానికి కూడా ఇదొక కారణం. స్ప్రింగు బిగువులో ఉన్న ఎజెక్టర్ వేలిని గట్టిగా కొట్టగలదు, కళ్లద్దాలు పెట్టుకుని మొహం పక్కకి ఉంచి చేయండి. గాడి ఆరాక ఒక్క చుక్క నూనె వేసి, ఎజెక్టర్‌ని నాలుగైదుసార్లు ఆడించి, మిగిలింది తుడిచేయండి.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటారు. అక్కడ నెలల తరబడి కదలకుండా పడి ఉన్న తుపాకీకి ఈ ఏడో దశ తప్పనిసరి. పోయేముందు వేసిన నూనె జిగురుగా మారి ఎజెక్టర్‌ని అతికించేస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో దానికి తోడు సన్నటి తుప్పు. తిరిగి తెచ్చుకున్న రోజే విప్పి తుడవండి, వాడబోయే రోజు దాకా ఆగకండి.

8. స్నాప్ క్యాప్‌లతో పరీక్షించండి. వెనకవైపు నేల మీద మందపాటి దుప్పటి పరవండి. రెండు స్నాప్ క్యాప్‌లు పెట్టి మూసి, తుపాకీ మూతి సురక్షితమైన వైపు ఉంచి ఒక్క గొట్టమే పేల్చినట్టు ట్రిగ్గర్ నొక్కండి. తెరవండి. ఆ గొట్టంలోది ఎగరాలి, రెండోది లేచి నిలబడాలి. తర్వాత రెండో గొట్టం ఒక్కటే. తర్వాత రెండూ. ఒకే ట్రిగ్గర్ ఉన్న తుపాకుల్లో కొన్ని మొదటి గుండు తన్ను తగిలితేనే రెండో గొట్టానికి మారతాయి. వాటిలో మొదటి ట్రిగ్గర్ తర్వాత బట్‌ అడుగుని, అంటే భుజానికి ఆనే చెక్క చివరని, అరచేత్తో గట్టిగా చరచండి, లేదా సెలెక్టర్‌తో (ఏ గొట్టం పేలాలో ఎంచే మీటతో) గొట్టం మార్చండి. ఇది తెలియక "రెండో ఎజెక్టర్ చచ్చిపోయింది" అని గన్‌స్మిత్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు చాలామంది.

9. రేంజిలో అదలు బదలు చేయండి. రెండు బ్రాండ్ల తూటాలు తీసుకెళ్లండి. ఒక్కో బ్రాండ్‌ని ఒక్కో గొట్టంలో కనీసం ఐదుసార్లు కాల్చి, ఏది ఎగిరిందో ఏది ఇరికిందో కాగితం మీద రాయండి. తంటా ఏ గొట్టంలోనైనా ఒక బ్రాండ్‌నే వెంటాడితే తప్పు తూటాది, బ్రాండ్ మార్చండి. ఏ బ్రాండైనా ఒక గొట్టాన్నే వెంటాడితే తప్పు ఆ చాంబర్‌ది లేదా ఆ ఎజెక్టర్‌ది, రెండింటిలో ఏదన్నది పై వేలి పరీక్ష చెప్పేస్తుంది. ఒకే బ్రాండ్ ఒకే గొట్టంలో ఇరుకుతుంటే ఆ చాంబర్‌లో గరుకు ఇంకా మిగిలి ఉందని అనుమానించి ఐదో దశకి వెనక్కి వెళ్లండి.

కాల్చని తూటా ఎగిరి పడితే

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నేల మీద పడ్డ తూటాని తీసేముందు తుపాకీ తెరిచి పక్కన పెట్టండి. తర్వాత తూటా అడుగున ప్రైమర్, అంటే సూది తగిలితే మందుని అంటించే చిన్న బిళ్ల, చూడండి. దాని మీద సూది గుచ్చిన గుంట ఉంటే హ్యామర్ పడింది, తూటా పేలలేదు. ఎజెక్టర్ తన పని సరిగ్గానే చేసింది. గుంట లోతుగా ఉంటే తూటా చెడ్డది. పైపైన తగిలినట్టు ఉంటే ఫైరింగ్ పిన్నో (ఆ సూది), మెయిన్ స్ప్రింగో (హ్యామర్‌ని నడిపే స్ప్రింగు) బలహీనపడింది.

ప్రైమర్ మీద ఏ గుర్తూ లేకుండా, ట్రిగ్గర్ నొక్కని గొట్టంలోది ఎగిరితే, ఎజెక్టర్‌ని పట్టి ఉంచే కొక్కెం అరిగింది. ఇది శుభ్రం చేస్తే పోయే జబ్బు కాదు.

ట్రిగ్గర్ నొక్కాక తూటా పేలకపోతే వెంటనే తెరవొద్దు. మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదు, కానీ తెరిచిన తుపాకీలో పేలితే మొహం మీదే.

షెల్ ఇరుక్కుంటే తీయడం

అది కాల్చిందేనని ప్రైమర్ గుంట చూసి మాత్రమే నిశ్చయించుకోకండి, గుండు వెళ్లిందని కూడా తెలిసి ఉండాలి. ఖాళీ షెల్ అయితే తుపాకీ తెరిచే ఉంచి, మూతి వైపునుంచి క్లీనింగ్ రాడ్ గానీ గొట్టంలో వదులుగా జారే నున్నటి కర్ర గానీ దించి మెల్లగా తట్టండి. షెల్ అంచు ఎజెక్టర్ కిందికి జారి ఇరుక్కుంటే గొట్టాల్ని విడదీసి, ఎజెక్టర్‌ని పూర్తిగా బయటికి లాగి పట్టుకుని షెల్‌ని పక్కకి వంచి తీయండి. లోపల ఉన్నది పేలని తూటా అయితే రాడ్ దించొద్దు, రేంజి అధికారిని పిలవండి.

చాకుతో, స్క్రూడ్రైవర్‌తో అంచు పట్టి పెకలించడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒక్క గాటుతో ఎజెక్టర్ అంచు పాడవుతుంది. అప్పటిదాకా లేని లోపం అక్కడ మొదలవుతుంది.

తుడిచాక తుపాకీ మూసుకోవడం లేదా?

ఇది కంగారు పుట్టించే సంగతి, కానీ చాలాసార్లు ఏమీ విరగలేదు. కొన్ని తుపాకుల్లో ఎజెక్టర్‌ని కొట్టే చిన్న హ్యామర్లు ముందుచెక్కలో, అంటే ఫోరెండ్‌లో ఉంటాయి. ఫోరెండ్ విడిగా ఉన్నప్పుడు అవి పొరపాటున విడుదలైతే మళ్లీ బిగించినప్పుడు అడ్డం పడతాయి. బలంగా మూయడానికి ప్రయత్నించకండి. ఫోరెండ్ తీసి, ఒక చెక్క అంచుకి ఆ హ్యామర్లని ఆనించి టక్కుమని వెనక్కి కూర్చునేదాకా నొక్కండి. వేళ్లతో నొక్కొద్దు. ఇంకొన్ని తుపాకుల్లో స్ప్రింగులు గొట్టాల పక్కనే ఉంటాయి, వాటిలో ఎజెక్టర్లని లోపలికి నొక్కి పెట్టి గొట్టాలు అమర్చాలి. మీది ఏ రకమో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. ఈ తిప్పలు రాకుండా ఉండాలంటే విడదీసే ముందు ట్రిగ్గర్లు నొక్కకండి.

మళ్లీ మళ్లీ కనిపించే పొరపాట్లు

కొబ్బరి నూనె వేయడం. 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది, ఎండితే జిగురు. డిసెంబరు పొద్దున ఎజెక్టర్ కదలకపోతే ఇంకో కారణం వెతకనక్కర్లేదు. వంటింటి నూనెలు ఏవీ పనికిరావు.

కిరోసిన్‌తో కడిగి అలాగే వదిలేయడం. మురికిని కరిగిస్తుంది, నిజమే, కానీ ఆరిపోయాక ఇనుము మీద కాపాడే పొర ఏదీ మిగల్చదు. వాడితే తర్వాత తుడిచి నూనె తప్పక పట్టించాలి, చెక్కకి తగలనివ్వకూడదు.

తూటాల్ని తోలు పట్టీలోనే నిలవ ఉంచడం. తోలులోని రసాయనాలకి ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది, ఆ చిలుము చాంబర్‌లోకి చేరుతుంది. వేటల కాలం నాటి అలవాటు ఇది, చూడ్డానికి బాగుంటుంది, తుపాకీకి మంచిది కాదు.

తుపాకీని సందేహిస్తూ సగం తెరవడం. ఎజెక్టర్ విడుదలయ్యేది తెరుచుకోవడం దాదాపు పూర్తయ్యే చోట. ఒక్క ఊపులో పూర్తిగా తెరవండి, విదిలించి కొట్టక్కర్లేదు.

బాగైందని ఎలా తెలుస్తుంది?

రెండు గొట్టాలూ కాల్చి తెరిచినప్పుడు ఒకే శబ్దం వినాలి, షెల్స్ రెండూ దాదాపు పక్కపక్కన పడాలి. ఒకటి నాలుగడుగుల దూరంలో, ఇంకోటి కాళ్ల దగ్గర పడుతుంటే దగ్గర పడినవైపు స్ప్రింగు నీరసించింది. రెండు టక్కులు విడివిడిగా వినిపిస్తే ఎజెక్టర్ల సమయం తప్పింది. ఒక్కటే కాల్చినప్పుడు రెండోది ఎగరకుండా లేచి నిలబడాలి. ట్రాప్‌లో 25 పక్షుల రౌండ్ ఒకటి పూర్తిగా ఆడి చూడండి, ఎందుకంటే కొన్ని లోపాలు గొట్టం వేడెక్కాకే బయటపడతాయి.

అమెరికాలో పంప్ తుపాకీ (ముందుచెక్కని వెనక్కీ ముందుకీ లాగి తూటా మార్చేది) కొనుక్కున్న మనవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతారు గానీ, అక్కడ ఎజెక్టర్ వేరే రకం. షెల్‌ని లాగేది బోల్టు (చాంబర్‌ని వెనకనుంచి మూసే ముక్క) మీది కొక్కెం, పక్కకి తన్నేది రిసీవర్ (బోల్టు కదిలే పెట్టె) గోడకి ఉండే కదలని పలక. మాస్‌బర్గ్ 500లో ఆ పలక ఒక్క స్క్రూతో ఉంటుంది, మార్చడం తేలిక. రెమింగ్టన్ 870లో రివెట్లతో బిగించి ఉంటుంది, అది గన్‌స్మిత్ పని. రెండింటిలోనూ షెల్ ఇరుక్కుంటే మొదట చేయాల్సింది మాత్రం అదే, చాంబర్ కడగడం.

గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే

లైసెన్సు పుస్తకం వెంట ఉండాలి. "ఎజెక్టర్ పోయింది" అని మాత్రం చెప్పకండి. ఏ గొట్టం, ఏ బ్రాండ్, ఎన్నింటిలో ఎన్ని ఇరికాయి, వేలి పరీక్షలో ఏం తేలింది, ఇదంతా రాసిన కాగితం ఇవ్వండి. అంచు వంగిన షెల్స్ రెండు మూడు, బాగా ఎగిరినవి రెండు మూడు విడివిడి కవర్లలో పెట్టి తీసుకెళ్లండి. కొత్త ముక్క అమరిస్తే పాత ముక్క అడిగి తీసుకోండి, అంచు ఎక్కడ అరిగిందో కళ్లారా చూడండి. తుపాకీ తీసుకునే ముందు ఎనిమిదో దశలోని స్నాప్ క్యాప్ పరీక్ష ఆయన ఎదుటే చేసి చూపించమనండి.